జోడెడ్ల ఆల్బమ్: గిటారు డాంకాస్టర్‌ది, మాండలిన్ పాలకొల్లుది

ఈ వారం ఆల్బమ్: సాటర్‌డే నైట్ ఇన్ బాంబే
బ్యాండ్: రిమెంబర్ శక్తి
రికార్డయింది: ముంబైలో, జనం ముందు, 2000 డిసెంబర్ 8, 9 తేదీల్లో
బయటికొచ్చింది: 2001లో

ఈ వారం మీ ఫోన్‌లో ఓ గంట సంగీతానికి చోటు ఖాళీ చేసుకోండి. వైఫై దొరికినప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఇంకా మంచిది, మధ్యలో సిగ్నల్ పోయి ఆగితే మజా ఉండదు. నాలుగే నాలుగు ట్రాకులు. అందులో ఒకటి ఇరవై నిమిషాలు దాటుతుంది.

"ఇరవై నిమిషాలా! ఆ టైంలో నలభై రీల్స్ చూసేయొచ్చు కదా" అంటారేమో. చూసేయొచ్చు, కాదనను. రేపు పొద్దున లేచాక అందులో ఒక్కటైనా గుర్తుంటుందా అన్నదే నా డౌట్. ఈ ఆల్బమ్ గుర్తుంటుంది. ఎందుకో చెప్తా.

ఇందులో గిటారు వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్. ప్రపంచంలో ఎలక్ట్రిక్ గిటారు పట్టుకున్నవాళ్లలో గట్టివాళ్ల లిస్టు రాస్తే, ఎవరు రాసినా ఆయన పేరు ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని, ఆయన స్పీడుకి స్పీడు, మెత్తదనానికి మెత్తదనం అందించింది మన తెలుగాయన, పాలకొల్లు కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్. ఇంటి పేరు చెప్తే చాలామందికి తెలియకపోవచ్చు. 'మాండలిన్ శ్రీనివాస్' అనండి, మీ అమ్మానాన్నలకి వెంటనే వెలుగుతుంది.

ముందు చెవులు చిల్లులు పడే సంగతి

మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండ్‌లోని డాంకాస్టర్‌లో పుట్టారు. 1969లో అమెరికా వెళ్లి, జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ రికార్డుల్లో వాయించారు. 'బిచెస్ బ్రూ' అనే ఆల్బమ్‌లో ఒక ట్రాకుకి ఏకంగా 'జాన్ మెక్‌లాఫ్లిన్' అనే పేరు పెట్టారంటే ఆయన గిటారు వాళ్లకి ఎంత నచ్చిందో అర్థం చేసుకోండి.

1971లో సొంత బ్యాండ్ కట్టారు. పేరు మహావిష్ణు ఆర్కెస్ట్రా. భజన బృందం అనుకునేరు! ఆయన గురువు శ్రీ చిన్మయ్ ఆయనకి పెట్టిన పేరే 'మహావిష్ణు'. వాయించేది మాత్రం ఇల్లు అదిరిపోయే రాక్, జాజ్ కలిపిన సంగీతం. చేతిలో రెండు మెడలున్న గిబ్సన్ గిటారు, వెనక డ్రమ్స్ మీద బిల్లీ కాబమ్, పక్కన వయొలిన్, కీబోర్డు, బేస్ గిటారు.

ఆ బ్యాండ్ లైవ్ ఆల్బమ్ కథ ఒకటి తెలుసుకోవాలి. 1973 వేసవిలో వాళ్లు లండన్‌లోని ట్రైడెంట్ స్టూడియోలో ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. ఈలోగా బ్యాండ్‌లో గొడవలు. ఆ రికార్డు మూలన పడింది. దాని బదులు, అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో జనం ముందు వాయించిన కచేరీని 'బిట్వీన్ నథింగ్‌నెస్ అండ్ ఎటర్నిటీ' పేరుతో విడుదల చేశారు. మూడే ట్రాకులు. చివరిది ఇరవై నిమిషాల పైమాటే. ఆ ఏడాది పోయేసరికి ఆ మొదటి జట్టు కూడా విడిపోయింది. మూలన పడ్డ స్టూడియో రికార్డు మళ్లీ వెలుగు చూసింది 1999లో.

చూశారా? మనుషులు ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోని రోజుల్లో కూడా స్టేజీ మీద వాయిద్యాలు మాట్లాడుకున్నాయి. స్టూడియోలో తేలని లెక్క జనం ముందు తేలింది. లైవ్ ఆల్బమ్ అంటే నాకున్న పిచ్చికి మొదటి కారణం ఇదే.

సౌండు తగ్గించి, పని పెంచారు

అంత సౌండు పెట్టినాయన ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? యాంప్లిఫయర్ల ప్లగ్గులు పీకేశారు. అమెరికాలోని వెస్లియన్ యూనివర్సిటీలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారు. కర్ణాటక సంగీతం లెక్కలు పట్టారు. వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్, మృదంగం రాఘవన్‌లతో కలిసి నేల మీద మఠం వేసుకుని కూర్చుని 'శక్తి' అనే బృందం మొదలుపెట్టారు. మొదటి ఆల్బమ్ 1975 జూలైలో ఒక కాలేజీలో జనం ముందు వాయించిందే. అదీ లైవే!

ఇక్కడ గిటారు నేర్చుకుంటున్నవాళ్లకి ఒక టెక్నికల్ విషయం. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి కదా, ఫ్రెట్స్. ఒక్కో మెట్టుకి ఒక్కో స్వరం. మన సంగీతంలో స్వరం అలా మెట్టు మీద బుద్ధిగా నిలబడదు. ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. దాన్నే గమకం అంటాం. మరి మెట్ల మీద ఊయల ఎలా ఊగాలి? మెక్‌లాఫ్లిన్ గిటారు మెడ మీద మెట్ల మధ్యనున్న చెక్కని లోపలికి గుల్లగా చెక్కించారు, వీణలో మెట్ల మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, అలాగ. అప్పుడు తీగని లోపలికి నొక్కి, పక్కకి లాగి గమకం పలికించే వీలు దొరికింది. అడ్డంగా ఇంకో వరస తీగలు కూడా వేయించారు, శ్రుతి కోసం. ఆ గిటారు ఆయన కోసం ప్రత్యేకంగా తయారైంది.

ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే సరిగ్గా ఇదే ఇబ్బందిని ఇటు వైపు నుంచి ఒక తెలుగు పిల్లాడు తీర్చుకున్నాడు.

పాలకొల్లు లెక్క వేరు

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. మన మిరప చేల వైపు కాదు, గోదావరి నీళ్ల వైపు. నాన్న సత్యనారాయణ గారు కూడా వాయిద్యగాడే. ఇంట్లో ఉన్న మాండలిన్‌ని పిల్లాడు ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నాడు.

గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఇక్కడే ఉంది అసలు ట్విస్టు: ఆ గురువుగారికి మాండలిన్ రాదు! ఆయన పాడతారు, పిల్లాడు విని అది వాయిద్యం మీద వెతుక్కుంటాడు. 'ఈ వేలు ఇక్కడ పెట్టు, ఆ వేలు అక్కడ పెట్టు' అని చెప్పేవాళ్లు లేరు. అప్పటికి కర్ణాటక కచేరీల్లో మాండలిన్‌కి ఒక దారంటూ లేదు. దారి ఆ పిల్లాడే వేసుకున్నాడు. యూట్యూబ్‌లో 'ఈజీ ట్యుటోరియల్' దొరక్కపోతే గిటారు మూలన పెట్టేసేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

మాండలిన్‌తో ఇబ్బంది ఏంటంటే, మామూలుగా దానికి ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటగానే 'టింగ్' అని పలికి వెంటనే చచ్చిపోతుంది స్వరం. గమకం ఊగాలంటే స్వరం కాసేపు బతికుండాలి కదా. అందుకని శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కి వచ్చారు. జతలు తీసేసి ఒంటి తీగలు, మొత్తం ఐదు. కరెంటు వల్ల స్వరానికి ఆయుష్షు పెరిగింది. ఒంటి తీగ వల్ల వేలు హాయిగా జారే వీలొచ్చింది. ఐదో తీగ వల్ల కింది స్థాయికి కూడా దిగే అవకాశం వచ్చింది.

1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి వయసు తొమ్మిది. ఆ తర్వాత కుటుంబం మద్రాసు చేరింది. 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. మన దగ్గర పద్నాలుగేళ్లంటే తొమ్మిదో తరగతి. 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బమ్ చేశారు. 1998లో పద్మశ్రీ.

'ఇది మన వాయిద్యం కాదు కదా, కరెంటుతో త్యాగరాజ కీర్తనలేంటి' అని మొదట్లో ముక్కు విరిచినవాళ్లూ లేకపోలేదు. కాసేపు ఆలోచిస్తే నవ్వొస్తుంది. వయొలిన్ ఎక్కడిది? యూరప్‌ది. వచ్చి సుమారు రెండొందల ఏళ్లే అయింది. ఇవాళ అది లేకుండా గాత్ర కచేరీ ఊహించగలమా? వాయిద్యం ఏ ఊరిదో దాన్ని చేసిన వడ్రంగి చెప్తాడు. ఎవరిదో మాత్రం దాని మీద ఏం పలికిందో అదే చెప్తుంది.

ఇద్దరూ ఒకే కాడి కింద

1997లో మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ కలిసి పాత బృందాన్ని 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ నిలబెట్టారు. కొంతకాలానికి శ్రీనివాస్ వచ్చి చేరారు. ఘటం వినాయక్‌రామ్ గారి చోట ఆయన కొడుకు సెల్వగణేశ్ కంజీరతో కూర్చున్నారు. ఈసారి మెక్‌లాఫ్లిన్ చేతిలో మళ్లీ ఎలక్ట్రిక్ గిటారు. సౌండు మాత్రం 1973 నాటిది కాదు, మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. 1999లో యూరప్‌లో తిరిగి చేసిన కచేరీలు 'ది బిలీవర్' అనే లైవ్ ఆల్బమ్ అయ్యాయి. మరుసటి ఏడాది డిసెంబర్లో ముంబై కచేరీలు. 9వ తేదీ శనివారం. అదే ఆల్బమ్ పేరు.

ముంబైలో ఇంటికి చుట్టాలొచ్చినట్టు బోలెడంత మంది వచ్చారు. సంతూర్‌తో శివకుమార్ శర్మ, గిటారుని ఒళ్లో పెట్టుకుని జారించి వాయించే దేబాశిష్ భట్టాచార్య, డ్రమ్స్ శివమణి, పాట శంకర్ మహదేవన్. పళనివేల్ గారి తవిల్ కూడా ఉంది. తవిల్ అంటే కంగారు పడకండి, మన పెళ్లి మేళంలో సన్నాయి పక్కన వాయించే డోలే. తాళి కట్టేటప్పుడు 'గట్టిమేళం' అనగానే ఒక్కసారిగా ఉరిమేది అదే. ఆ ఉరుము ఒక ఎలక్ట్రిక్ గిటారు పక్కన ఎలా ఉంటుందో మీరే వినండి.

ఒంగోలు గిత్తల పందేలు చూసినవాళ్లకి ఈ ఆల్బమ్ ఇంకా త్వరగా అర్థమవుతుంది. బండ లాగుడు పోటీలో ఒక ఎద్దు ఎంత బలమైనదైనా ఒంటరిగా ఏం చేయలేదు. జోడు కుదరాలి. ఒకటి అడుగేస్తే రెండోది అదే క్షణంలో అడుగేయాలి. ఒకటి ముందుకు గుంజితే కాడి వంకర పోతుంది, బండ కదలదు. మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్‌ది అలాంటి జోడు. ఇద్దరూ కలిసి ఒకే వరసని వాయిస్తున్నప్పుడు, అంత స్పీడులో కూడా, రెండు వాయిద్యాలా ఒకటా అని డౌటొస్తుంది. తర్వాత విడిపోతారు. ఒకరు ఒక మాట అంటారు, రెండోవాళ్లు దానికి జవాబు చెప్తారు. మొదట పొడుగు మాటలు, తర్వాత పొట్టి మాటలు, ఆఖరికి ఒక్క ముక్కలో ప్రశ్న, ఒక్క ముక్కలో జవాబు. కర్ణాటక కచేరీల్లో మృదంగం, ఘటం వాళ్లు తని ఆవర్తనంలో చేసే పని ఇదే. శక్తి కచేరీలకి ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ప్రాణం.

త్యాగరాజ కీర్తన కూడా ఉంది!

మూడో ట్రాకు పేరు స్పెల్లింగ్ చూసి హిందీ పాట అనుకునేవాళ్లు చాలామంది. కాదు. అది త్యాగరాజస్వామి బంగాళ రాగంలో చేసిన 'గిరిరాజసుతా తనయ' అనే కీర్తన. వినాయకుడి మీద. పాడింది శంకర్ మహదేవన్.

ఇక్కడ కాసేపు ఆగి బొమ్మ ఊహించుకోండి. స్టేజీ మీద ఇంగ్లండ్ గిటారిస్టు, ముంబై తబలా, మద్రాసు కంజీర, తమిళ కుటుంబంలో పుట్టి ముంబైలో పెరిగిన గాయకుడు. అందరూ కలిసి వాయిస్తున్నది తిరువయ్యూరులో కూర్చుని ఒకాయన రెండొందల ఏళ్ల కిందట తెలుగువాళ్ల సంప్రదాయంలో కట్టిన పాట. దాన్ని మాండలిన్ మీద నడిపిస్తున్నది పాలకొల్లు కుర్రాడు. మనం మాత్రం దాన్ని 'ఇంగ్లీష్ ఫ్యూజన్' అనే ఫోల్డర్లో పడేశాం.

వినేటప్పుడు ఈ నాలుగు చిట్కాలు పాటించండి:

ఒకటి, ఫోన్ స్పీకర్లో వద్దు. వంద రూపాయల ఇయర్‌ఫోన్స్ అయినా పర్లేదు, రెండు చెవుల్లోనూ పెట్టుకోండి. బండి నడిపేటప్పుడు మాత్రం వద్దే వద్దు.

రెండు, షఫుల్ ఆఫ్ చేయండి. కచేరీకి ఒక వరస ఉంటుంది.

మూడు, మొదటిసారి గిటారుని మాత్రమే పట్టుకుని వినండి. గుండ్రటి గొంతు అది. రెండోసారి మాండలిన్‌ని మాత్రమే. సన్నగా, పదునుగా ఉంటుంది. మూడోసారి రెండూ వదిలేసి తబలా, కంజీర వినండి. అవే పాటలు మూడు వేరే ఆల్బమ్‌లుగా వినిపిస్తాయి.

నాలుగు, జనం గొంతు వినండి. ఎక్కడ చప్పట్లు కొట్టారు, ఎక్కడ గుక్క తిప్పుకోకుండా ఉన్నారు అన్నది కూడా సంగీతంలో భాగమే.

లైవ్ అంటే ఏంటి మరి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. రికార్డు కవర్ మీద 'లైవ్' అని ఉన్నంత మాత్రాన అంతా అప్పటికప్పుడే వాయించారని కాదు. కచేరీ అయ్యాక స్టూడియోలో కూర్చుని తప్పులు దిద్దుకుని విడుదల చేసిన లైవ్ ఆల్బమ్‌లు ప్రపంచంలో బోలెడు. స్టేజీల మీద సగం సంగీతం ముందే రికార్డు చేసి పెట్టుకుని, చెవిలో క్లిక్ శబ్దం వింటూ దానికి తగ్గట్టు వాయించడం ఇవాళ మామూలైపోయింది. అందులో మోసం ఉందని నేననను. లైట్లకీ డాన్సులకీ టైం కుదరాలంటే ఒక్కోసారి తప్పదు.

కానీ ఒక తేడా ఉంది. ట్రాకు మీ మాట వినదు. మీరే దాని మాట వినాలి. మీకు ఇవాళ ఇంకో రెండు ఆవర్తాలు వాయించాలనిపించినా అది ఆగదు. ముందు వరసలో ఒక పెద్దాయన 'ఆహా' అన్నా దానికి తెలియదు. మనిషి పక్కన మనిషి కూర్చుని వాయిస్తే ఆ 'ఆహా' చేతుల్లోకి దిగుతుంది. సెంట్రల్ పార్క్ రికార్డులోనూ, ముంబై రికార్డులోనూ దొరికేది అదే.

మన వైపు చూడండి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆకాశమంత ఎత్తు ప్రభలు వస్తాయి. వేల బల్బులు, జనరేటర్లు, ముందు స్టేజీ, రాత్రంతా పాటలు. విద్యుత్తుతో సంగీతం అనే ముచ్చట మనకేం కొత్త కాదు, మన తాతల నాటి నుంచీ ఉంది. ఒకప్పుడు ఆర్కెస్ట్రా అంటే గిటారు, బేస్, కాంగో, డ్రమ్స్, ట్రంపెట్, అందరూ మనుషులే. ఇప్పుడు చాలా చోట్ల ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఒక పెన్‌డ్రైవ్. పెళ్లిళ్లలో సన్నాయి మేళం ముహూర్తానికి ఓ అరగంట, ఊరేగింపు మొత్తం డీజే బాక్సులు. గుండె అదరడానికి బాక్సులు చాలు. కానీ రేపటికి డోలు కొట్టే చెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది?

దీనికి జనాన్ని తిట్టి లాభం లేదు. ఈ ప్రాంతంలో పెళ్లి ఎంత ఘనంగా జరగాలో యార్డులో మిర్చి రేటు, జిన్నింగ్ మిల్లు దగ్గర పత్తి రేటు నిర్ణయిస్తాయి. రేటు పడిపోయిన ఏడాది ముందు కోత పడేది మేళానికే. ఆరుగురికి ఇవ్వాల్సిన చోట ఒకడికి ఇస్తే సరిపోతుందంటే, అప్పుల్లో ఉన్న తండ్రి ఏం చేస్తాడు? అది ఆయన తప్పు కాదు. కానీ నష్టం మాత్రం నిజం. ఎందుకంటే ఈ నేల మామూలు నేల కాదు.

ఒంగోలు పక్కన కరవది అనే ఊరుంది. షేక్ చినమౌలానా గారు 1924లో అక్కడే పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే కుటుంబం. ఉన్నది చాలని ఊరుకోకుండా తమిళనాడు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర తంజావూరు బాణీ నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ల సంగీత కళానిధి. ఒక ముస్లిం విద్వాంసుడు రంగనాథుడి ఊళ్లో నాదస్వరం మీద త్యాగరాజుని పలికించారు. ఆయన శిష్యులే కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులు. వాళ్లకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఎలక్ట్రిక్ మాండలిన్‌ని అనుమానంగా చూసినవాళ్లకి జవాబు మన కరవదిలో అంతకు ముందే ఉంది: సంగీతం కులం, మతం, కరెంటు మీటరు చూడదు.

మిగిలేది ఏంటి?

శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశారు. 45 ఏళ్లు. కచేరీ విద్వాంసులకి అది నడి వయసు కూడా కాదు, వాళ్లలో చాలామంది ఎనభైలో కూడా వాయిస్తారు. మిగిలినవాళ్లు కొన్నేళ్ల తర్వాత 'శక్తి' పేరుతో మళ్లీ కలిశారు. మాండలిన్ చోట ఇంకో మాండలిన్‌ని పెట్టలేదు, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ వచ్చింది. 2023లో వాళ్లు చేసిన 'దిస్ మొమెంట్' ఆల్బమ్‌కి 2024 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డు దక్కింది. ఆ ఏడాది డిసెంబర్లోనే జాకిర్ హుస్సేన్ వెళ్లిపోయారు. సంతూర్ శివకుమార్ శర్మ 2022లోనే పోయారు.

అంటే, ఆ శనివారం రాత్రి స్టేజీ మీద కూర్చున్నవాళ్లని మళ్లీ ఒకచోట కూర్చోబెట్టడం ఇక ఎవరి వల్లా కాదు. ఎంత డబ్బు పెట్టినా కాదు. ఆ రాత్రి ఎవరో మైకులు సరిగ్గా పెట్టి, రికార్డు బటన్ నొక్కారు కాబట్టి ఇవాళ సాతులూరులోనో, అద్దంకిలోనో కల్లంలో మిరపకాయలకి కాపలా పడుకున్న కుర్రాడు ఫోన్‌లో వినగలుగుతున్నాడు.

మరి మన ఊళ్లో ఉన్నవాళ్ల సంగతి? మీ వీధి చివర డోలు విద్వాంసుడు ఉన్నారు. మీ మావయ్య పెళ్లికి వాయించిన సన్నాయి తాతయ్య ఉన్నారు. ఆర్కెస్ట్రాలో ముప్పై ఏళ్లు బేస్ గిటారు వాయించి ఇప్పుడు కిరాణా కొట్టు నడుపుకునే బాబాయ్ ఉన్నారు. వాళ్లని ఎవరు రికార్డు చేశారు? పెళ్లి వీడియో ఎడిటింగ్‌లో మేళం సౌండు తీసేసి దాని మీద సినిమా పాట అతికిస్తున్నారు కదా!

అందుకని ఈ వారం వినడంతో పాటు ఒక పని కూడా. మీ జేబులో ఉన్న ఫోను 1973 నాటి కుర్రాళ్లు కలలో కూడా చూడని రికార్డింగ్ మిషను. ఇలా వాడండి:

ముందు అడగండి. "బాబాయ్, ఓ అరగంట వాయిస్తారా, రికార్డు చేసుకుంటా" అని మర్యాదగా. ఊరికే కాదు, వాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టండి. వాయించడం వాళ్ల బతుకు, మనకి సరదా కావచ్చు.

పెళ్లిలో కాదు, తీరిక రోజున ఇంటి వరండాలోనో, గుడి మండపంలోనో కూర్చోబెట్టండి. ఫ్యాను ఆపేయండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో కాల్ వస్తే అంతా పాడు.

డోలుకి, నాదస్వరానికి మరీ దగ్గర పెడితే ఫోను మైకు తట్టుకోలేదు, శబ్దం పగిలిపోతుంది. పది పన్నెండు అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో, కదలకుండా పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. ముందు పది సెకన్లు టెస్టు చేసి, విని, అప్పుడు మొదలుపెట్టండి. రికార్డింగ్ యాప్‌లో అన్నిటికన్నా ఎక్కువ క్వాలిటీ ఏదుంటే అది ఎంచుకోండి.

తప్పొచ్చినా ఆపొద్దు. మళ్లీ అందుకుంటారు చూడండి, ఆ అందుకోవడంలోనే ఉంటుంది విద్య.

అయ్యాక ఫైలుకి పేరు పెట్టండి: ఎవరు వాయించారు, ఏ ఊరు, ఏ తారీఖు, ఏ రాగం. 'ఆడియో 0047' అని వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. ఒక కాపీ వాళ్లింట్లో పిల్లలకి పంపండి. ఇంకోటి ఫోను బయట ఎక్కడైనా దాచండి. వాళ్లు ఒప్పుకుంటేనే నెట్‌లో పెట్టండి.

గిటారు నేర్చుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఇంకో మాట. ఆ డోలు బాబాయ్‌ని రికార్డు చేశాక, ఫోను పక్కన పెట్టి, మీ గిటారు తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. ఆదితాళం ఎలా వేయాలో అడగండి. ఎనిమిది దెబ్బలు, అంతే. ఆయన కొడుతుంటే మీకొచ్చిన నాలుగు స్వరాలు కలపండి. మొదటి రోజు కుదరదు. పదో రోజు కూడా కుదరకపోవచ్చు. డాంకాస్టర్ నుంచి వచ్చినాయన అప్పటికే ప్రపంచమంతా పేరున్న గిటారిస్టు, అయినా తాళం వేయడం మొదటి నుంచి నేర్చుకున్నారు. పాలకొల్లు పిల్లాడికి గురువు వేలు పెట్టే చోటు కూడా చూపించలేదు. మీకు పక్క వీధిలోనే డోలు ఉంది.

వచ్చే వారం ఇంకో ఆల్బమ్‌తో కలుద్దాం. ఈలోగా మీ రికార్డింగ్ ఎలా వచ్చిందో, బాబాయ్ ఏ రాగం వాయించారో రాయండి.